అక్క పెళ్లికి నా నడుము

మార్చి 3, సోమవారం

ఈ కొలతల పుస్తకంలో ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్ల నడుములు రాశాను. ఇవాళ పుస్తకం తిరగేసి, వెనక పేజీ నుంచి నాది మొదలుపెడుతున్నాను. నడుము నలభై రెండు.

ఇది నేను తీసిన కొలత కాదు, డాక్టరమ్మ తీసింది. రక్తం చీటీ చూసి, చక్కెర జబ్బు ఇంకా లోపలికి రాలేదని, గుమ్మం దాకా వచ్చి తలుపు కొడుతోందని చెప్పింది. మైదా, వెన్న, పంచదార తగ్గించమంది. ఆ మూడూ కలిస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. మా పక్క బేకరీలో వెన్నబన్ను అవుతుంది.

డాక్టరు దగ్గరికి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది అక్క. అక్కకు యాభై ఎనిమిది. ముప్పై ఏళ్లు పిల్లలకు ఈత నేర్పింది. రిటైరైనా మెడలోంచి విజిల్ తీయలేదు. మే పదహారున ఆమె పెళ్లి. ఇదే మొదటిది. పెళ్లికొడుకు వేరే ఊళ్లో రైలు గార్డు. పెళ్లికి ఏం కావాలని నెల రోజులుగా అడుగుతుంటే నోరు మెదపని మనిషి, ఇవాళ ఆసుపత్రి మెట్లు దిగుతూ చెప్పింది.

"నాకు బట్టలూ వద్దు, వస్తువులూ వద్దురా. నీ ట్రంకులో నీలం గుడ్డ ఉంది చూడు, దాంతో నీకో కోటు కుట్టుకో. గుండీ పెట్టుకుని నా పక్కన నిలబడు. అదే నా బహుమతి."

మహా తెలివైనది. ఆ గుడ్డ నాకు పని నేర్పిన మేస్త్రీ పోయే ముందు ఇచ్చింది. ఇరవై ఏళ్లుగా ట్రంకులోనే ఉంది. ఒక్క కోటుకే వస్తుంది, అదీ సన్నటి మనిషికి. ఆ సంగతి అక్కకు తెలుసు.

నాన్న ఇదే జబ్బుతో యాభై అయిదుకు పోయాడు. నాకు యాభై మూడు.

సాయంత్రం షాపులో నా టేపుతో చూసుకున్నాను. నలభైన్నర! ఆసుపత్రి నుంచి నడిచి వచ్చినందుకే అంగుళంన్నర తగ్గాను. మా ఆవిడతో చెబితే, కాజాలు కుడుతున్నది తలెత్తి చూసింది. ఏదో అనబోయి, సూదిలో దారం ఎక్కించుకుంది.

మార్చి 4

మాకూ బేకరీకీ మధ్య ఒకటే గోడ. నా మిషను ఆ గోడకు ఆనుకునే ఉంటుంది. నాలుగింటికి అక్కడ రెండో వాయి దిగుతుంది. ముందు వెన్న వాసన, వెనకే పంచదార వాసన. ఇన్నేళ్లూ అది తగలగానే కత్తెర కింద పెట్టేవాణ్ణి. అడక్కుండానే బేకరీ ఆయన రెండు బన్నులు కాగితంలో చుట్టి ఉంచేవాడు, ఒకటి నాకు, ఒకటి మా ఆవిడకు. ఆవిడ తనదాంట్లో సగం తిని నాకిచ్చేది. అంటే రోజుకు ఒకటిన్నర. డాక్టరమ్మకు ఒకటని చెప్పాను.

ఇవాళ వెళ్లలేదు. కీరదోసకాయ తిన్నాను. మంచిదే. దాని గురించి ఇంతకు మించి రాయడానికేమీ లేదు.

మార్చి 5

సగమే తిన్నాను.

మార్చి 6

నిన్నటి రెండో సగం కాగితంలో ఉండిపోయింది. తిండి పారేయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు.

మార్చి 9, ఆదివారం

నలభై! ఇక ప్రతి ఆదివారం పొద్దున్నే, ఏమీ తినకముందు కొలుచుకోవాలని నియమం పెట్టుకున్నాను. రెండు సగాలు తిని కూడా తగ్గానంటే, అసలు తినకపోతే మాయమైపోతానేమో.

మా ఆవిడ ఆ టేపు మార్చమంది. పాము కుబుసంలా మెత్తబడిపోయిందట. తనకు కొత్త టేపు ఒకటి ఉంది, అంచులు మడవడానికి వాడుకుంటుంది. నేను మార్చను. మేస్త్రీ మెడలో ఇరవై ఏళ్లు, నా మెడలో ఇరవై ఏళ్లు ఉన్న టేపు అది. దాంతో కొలిచి కుట్టిన కోటు ఒక్కటి కూడా తిరిగి రాలేదు. మిగతా దర్జీల్లా ఎవరో చెప్పిన అంకె పట్టుకుని నేను కత్తెర వేయను, మనిషిని ఎదురుగా నిలబెట్టి కొలుస్తాను. టేపు పాతదైతే ఏం, పెట్టే చెయ్యి ముఖ్యం.

మార్చి 12

ఇవాళ నీలం గుడ్డ కోశాను. ముప్పై ఎనిమిది నడుముకు.

కుట్టు లోపల కొంచెం గుడ్డ వదలాలని, మనిషన్నాక లావవుతాడు, చిక్కుతాడని మేస్త్రీ నా నెత్తి మీద మొట్టి మరీ నేర్పాడు. ముప్పై ఏళ్లలో ఆ గుడ్డ వదలకుండా ఒక్క కోటూ కోయలేదు. దీంట్లో వదలడానికి గుడ్డే లేదు. ముప్పై ఎనిమిదికి వస్తే గుండీ పడుతుంది, రాకపోతే ఆ కోటు హ్యాంగరుకు పెళ్లి చేసుకోవాల్సిందే.

మా ఆవిడ సుద్దగీతల వైపు చాలాసేపు చూసి, ఒకసారి వేరే టేపుతో కూడా చూసుకోకూడదా అంది. కోయబోయేవాడికి అనుమానాలు పెట్టకూడదని కోప్పడ్డాను. సరే మీ ఇష్టం అని కాజాల దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ మాట కూడా ఈ మధ్య నా చెవిన పడకూడదు. కాజాలయ్యాయా అని ఎవరైనా అడిగితే, అవి గుండీలు పట్టే కాజాలని తెలిసి కూడా నోట్లో నీళ్లూరుతున్నాయి.

మార్చి 16, ఆదివారం

నలభై. కదలలేదు.

అక్క భోజనానికి వచ్చింది. నా పళ్లెంలో ఉడికించిన కూరలు చూసి సంతోషపడి, పాత సంగతులు తవ్వింది. అమ్మ పనికి వెళ్తూ మా ఇద్దరికీ కలిపి ఒక బన్ను పెట్టి వెళ్లేది. విరిచేది అక్క. "సగం నీది, సగం నాది" అనేది. నాకు ఆరేళ్లు, అక్కకు పదకొండు. నిజంగా సగమనే అనుకుని తినేవాణ్ణి. పెద్దయ్యాక గుర్తు చేసుకుంటే తెలిసింది, అక్క సగం ఎప్పుడూ బొటనవేలంతే ఉండేది.

అప్పుడు నేను బక్కగా ఉన్నానని బెంగ, ఇప్పుడు లావుగా ఉన్నానని బెంగ. నా మూలంగా ఆమెకు ఏ వయసులోనూ తీరిక దొరకలేదు. ఆమె వెళ్లాక నాకు కళ్లు చెమర్చాయి. ఉల్లిపాయలని మా ఆవిడతో చెప్పాను. ఇంట్లో ఉల్లిపాయలు లేవంది.

మార్చి 21

ట్రయల్ గది తెర వెనక నిలబడి ఒక బన్ను తిన్నాను. అద్దంలో వాడు కూడా తిన్నాడు. ఇద్దరం ఒకరినొకరు ఏమీ అనుకోలేదు.

తర్వాత బ్యాంకు మేనేజరు కొత్త ప్యాంటు వేసి చూసుకోవడానికి అదే గదిలోకి వెళ్లి, ఇక్కడ నిలబడితే ఎందుకో ఆకలేస్తోందండీ అన్నాడు. మా ఆవిడ నా మీసం వైపు చూసింది. మీసం నిండా పంచదార.

మార్చి 23, ఆదివారం

నలభైన్నర. టేపు తడిసి ముడుచుకుపోయి ఉంటుంది.

మార్చి 24

మా ఆవిడ అరిచే మనిషి కాదు. అరిచినా బాగుండేది. గుండీ కుడుతూ, తల ఎత్తకుండా అంది.

"నాకు చెప్పకుండా తినాలంటే తినండి, నేనేం కాపలా కాయను. వదినగారి పక్కన మాత్రం ఆవిడకు తెలియకుండా నిలబడలేరు కదా."

మధ్యాహ్నం ఇద్దరం కలిసి మిషనును ఎదుటి గోడకు జరిపాం. బరువు మోస్తున్నప్పుడు మా ఆవిడ నవ్వింది, నేనూ నవ్వాను. వాసన అక్కడికీ వస్తోంది. కాకపోతే కొంచెం ఆలస్యంగా వస్తోంది.

మార్చి 27

అక్క తీర్పు చెప్పింది. నాలుగింటికి నేను షాపులో ఉండకూడదట. తను పని చేసిన ఈత కొలను చుట్టూ ఎనిమిది రౌండ్లు నడవాలి. నెమ్మదించిన చోటల్లా విజిల్ ఊదుతుంది. నీళ్లలో పిల్లలందరూ ఈత ఆపి నన్నే చూశారు. ఒక పాప, ఆ తాత ఎందుకు నీళ్లలోకి దిగడం లేదని అడిగింది. దిగితే నీళ్లు బయటికొస్తాయని అక్క చెప్పింది. సొంత తమ్ముణ్ణని కూడా చూడలేదు.

మార్చి 30, ఆదివారం

ముప్పై తొమ్మిది ముప్పావు. ఇవాళ టేపు బాగానే ఉంది.

ఏప్రిల్ 2

ఒక కిటుకు కనిపెట్టాను, రాసి పెట్టుకోవాలి. వానపడి కొలను దగ్గరికి వెళ్లలేదు. నాలుగైంది, వాసన వచ్చింది, కాళ్లు వాటంతటవే లేచాయి. సరిగ్గా అప్పుడు నా నోట్లో ఆరు గుండుసూదులున్నాయి. చెయ్యి పెట్టిన పని మధ్యలో ఆపితే మడత జారిపోతుంది. సూదులు నోట్లో ఉండగా బన్ను పట్టదు. పావుగంట ఓపిక పట్టేసరికి, ఆశ దానంతటదే చల్లబడింది.

అంటే అది వచ్చి పావుగంట కూర్చుని పోయే చుట్టం. కూర్చోమని మనం మర్యాద చేస్తేనే భోజనానికి ఉండిపోతుంది. ఇన్నేళ్లుగా నేనే మర్యాద చేస్తూ వచ్చాను.

మా ఆవిడకు ఈ కిటుకు నచ్చలేదు. మింగేస్తారేమోనని భయం. సూదుల బదులు సోపు గింజలు నములుతానని ఒప్పుకున్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం

ముప్పై తొమ్మిదిన్నర.

ఏప్రిల్ 8

గార్డుగారు ఫోన్ చేశాడు. కాబోయే బావ కదా, ఆయనకు నేను వెయిస్ట్‌కోటు కుట్టి పెట్టాలని అక్క కోరిక. ఆయనకేమో పెళ్లి వారం దాకా సెలవు లేదు. స్టేషన్లో ఎవరితోనో కొలిపించుకుని అంకెలు చెప్పాడు. నడుము ముప్పై ఆరు. ముఖం చూడకుండా అంకెలు రాసుకోవడం నాకు ఇదే మొదటిసారి. బావన్న మొహమాటంతో ఒప్పుకున్నాను.

ఫోన్ పెట్టే ముందు, మీ అక్క మీ గురించే ఎక్కువ మాట్లాడుతుందండీ అన్నాడు. ఏం మాట్లాడుతుందని అడిగితే, ఇవాళ మీరు ఎన్ని రౌండ్లు నడిచిందీ, ఏం తిన్నదీ అన్నాడు. పెళ్లికూతురు మాట్లాడే మాటలేనా అవి.

ఏప్రిల్ 13, ఆదివారం

ముప్పై తొమ్మిది.

బేకరీ ఆయన ముఖం మాడ్చుకుని వచ్చాడు. మూడు వారాలుగా రావడం లేదు, నా చేతి రుచి తగ్గిందా అని అడిగాడు. తగ్గి ఉంటే నా బతుకు ఎంత హాయిగా ఉండేదో ఆయనకేం తెలుసు. ఉన్నదంతా చెప్పాను. మనిషి కరిగిపోయి, ఇక నుంచి రెండో వాయి వేసేటప్పుడు మా వైపు కిటికీ మూసేస్తానన్నాడు. వద్దన్నాను. వాసన కూడా లేకుండా ఎలా బతకడం.

ఏప్రిల్ 20, ఆదివారం

మళ్లీ ముప్పై తొమ్మిది. కోటు పూర్తయింది. కాజాలు మా ఆవిడ పట్టుదారంతో కుట్టింది, అంత చక్కటి కాజాలు నేనెప్పుడూ చూడలేదు. వేసుకుని చూడమంది. టేపులో ముప్పై ఎనిమిది కనిపించే దాకా వేసుకోనని చెప్పి గుడ్డ కప్పేశాను. ఊరందరినీ రెండేసిసార్లు ట్రయలుకు రమ్మనే నాకు, నా కోటు దగ్గరికి వెళ్లాలంటే గుండె దడ.

ఏప్రిల్ 27, ఆదివారం

ముప్పై ఎనిమిదిన్నర. కొలను దగ్గర అక్క మూడుసార్లే విజిల్ ఊదింది.

మే 4, ఆదివారం

ముప్పై ఎనిమిదింబావు. ఇక పావు అంగుళం. రొట్టె, ఉడికించిన గుడ్డు, ఒక ఆపిల్ తిని, ఆకలి లేకుండా లేచాను. ఇంత తక్కువతో ఇలా లేవడం చిన్నతనం తర్వాత ఇప్పుడే. అద్దంలో పక్కకు తిరిగి చూసుకున్నాను. నలభై రెండు నుంచి ఇక్కడి దాకా దాదాపు నాలుగు అంగుళాలు. వచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పాను. బ్యాంకు మేనేజరుకు రెండుసార్లు చెప్పాను.

మే 10, శనివారం

గార్డుగారు వచ్చాడు. పొడుగాటి మనిషి, నెమ్మది. వెయిస్ట్‌కోటు వేసుకుంటే ముందు భాగం సంచిలా వేలాడింది. నా చేతి బట్ట ఒకరి ఒంటి మీద అలా వేలాడటం నేనెన్నడూ చూడలేదు. నా టేపు పెట్టి ఆయన నడుము చూశాను. ముప్పై నాలుగున్నర.

ఆయన మాత్రం తెగ సంబరపడిపోయాడు. పెళ్లి ఆలోచనలతో చిక్కిపోయినట్టున్నానండీ, ఇక ధైర్యంగా ఒక బన్ను తినొచ్చు అన్నాడు. పక్కకు వెళ్లి తినే వచ్చాడు. నాకు మాత్రం ఆయన బెల్టు మీదే కళ్లు. చిల్లు సాగి నల్లబడి ఉంది. ఏళ్ల తరబడి అదే చిల్లులో పెడుతున్న బెల్టు. చిక్కిన మనిషి బెల్టు అలా ఉండదు.

ఆయన వెళ్లాక, బల్ల మీద నా టేపు పరిచాను. పక్కన మా ఆవిడ కొత్త టేపు పరిచాను. నా టేపులో ముప్పై ఆరు ఉన్న చోట కొత్త దాంట్లో ముప్పై ఏడున్నర ఉంది. నా ముప్పై ఎనిమిది దగ్గర, ముప్పై తొమ్మిదిన్నర.

సాగిపోయింది. నలభై ఏళ్లు మెడల్లో వేలాడి, చేతుల్లో లాగబడి, సాగిపోయింది. దాని అంగుళం అసలు అంగుళం కంటే పెద్దది. మనిషినీ గుడ్డనూ రెంటినీ దాంతోనే కొలిచాను కాబట్టి ఇన్నేళ్లూ ఎవరి బట్టలోనూ తేడా రాలేదు. గార్డుగారు వేరే టేపు అంకె తెచ్చాడు, బయటపడింది.

మొదటి రోజు అంగుళంన్నర నడకతో పోలేదు. ఉన్న చోటే ఉంది.

మే 11, ఆదివారం

కొత్త టేపు. ముప్పై తొమ్మిదిన్నర కంటే కొంచెం ఎక్కువ. ముప్పై ఎనిమిదికి ఇంకా అంగుళంన్నర పైన. అయిదు రోజుల్లో అయ్యే పని కాదు. అక్కకు ఏమని చెప్పను.

మే 12

మూడు బన్నులు.

మే 13

పొద్దున మంచం దిగలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాను. కోటు గుండీ పడదని, అక్క జీవితంలో నన్ను అడిగింది ఇదొక్కటేనని, అది కూడా ఇవ్వలేకపోయానని మా ఆవిడతో అన్నాను. ఆవిడ మంచం పక్కన కూర్చుంది.

"టేపు సాగిందని నాకు మొదటి రోజే తెలుసండీ. అంగుళంన్నర తగ్గానని మీరు మురిసిపోతుంటే చెప్పబుద్ధి కాలేదు. సర్లెండి, ఒకటి అడుగుతాను చెప్పండి. ఆ కోటు కోసింది ఏ టేపుతో?"

నేను పడుకునే ఉన్నాను. తర్వాత లేచి కూర్చున్నాను. తర్వాత చెప్పులు కూడా వేసుకోకుండా షాపుకు పరిగెత్తాను.

నా నడుముకు చెప్పిన అబద్ధమే గుడ్డకూ చెప్పింది ఆ టేపు. కోటు మీద కప్పిన గుడ్డ లాగేశాను. చేతులు దూర్చాను. భుజాలు కూర్చున్నాయి. ఊపిరి బిగబట్టి గుండీని కాజా దగ్గరికి తెచ్చాను. పట్టింది! ఊపిరి వదిలాను. కొంచెమే వదిలాను, నిన్నటి మూడు బన్నులు అడ్డం పడ్డాయి. అయినా గుండీ నిలిచింది. ముప్పై ఏళ్లుగా కత్తెర పట్టిన నాకు తట్టని సంగతి, కాజాలు కుట్టే మనిషికి మొదటి రోజు నుంచీ తెలుసు.

మే 14

డాక్టరమ్మ కొత్త రక్తం చీటీ చూసింది. చక్కెర గుమ్మం దిగి వీధిలోకి వెళ్లిందట, మళ్లీ వెనక్కి రాకుండా కాపలా ఉండమంది. నడుము కొలిచి రెండున్నర అంగుళాలు తగ్గారంది. మొన్నటి దాకా నాలుగు తగ్గానని ఊరంతా చెప్పుకున్నవాణ్ణి, ఆ రెండున్నరకు కన్నీళ్లు పెట్టుకున్నాను. ఇవి అసలు అంగుళాలు.

గార్డుగారి వెయిస్ట్‌కోటు రెండు పక్కలా లోపలికి పట్టాను. ఇంకో బన్ను తినొచ్చా అని అడిగాడు. వద్దన్నాను.

మే 16, శుక్రవారం

అక్క పెళ్లయింది. రిజిస్ట్రారు ఆఫీసులో పది నిమిషాల పని. అక్క మెడలో విజిల్ లేదు, మెడ ఖాళీగా ఉండి ఎవరో కొత్త మనిషిలా ఉంది. గార్డుగారు సంతకం పెట్టేటప్పుడు, కాగితం కదలకుండా అక్క పట్టుకుంది. పక్కన నేను నీలం కోటులో, గుండీ పెట్టుకుని నిలబడ్డాను. అక్క తల తిప్పి నన్ను పైనుంచి కిందికి చూసింది. కోటు మీద లేని నలక దులిపింది.

బయటికి వచ్చాక మనసు ఆగలేదు, చెప్పేశాను. ఇది నిజంగా ముప్పై ఎనిమిది కాదక్కా, టేపు సాగిపోయింది, అసలు లెక్కలో ముప్పై తొమ్మిదిన్నర అన్నాను.

"నేను అంకె అడిగానా?" అంది. "గుండీ అడిగాను."

వరండాలో బేకరీ ఆయన పెద్ద బుట్టతో నిలబడి ఉన్నాడు. పెళ్లికానుక, మొదటి వాయి బన్నులు, ఇంకా వేడిగా ఉన్నాయి. అందరికీ తలా ఒకటి ఇచ్చి, నా దగ్గరికి వచ్చేసరికి ఇబ్బందిపడి ఆగిపోయాడు. అక్క బుట్టలోంచి ఒకటి తీసి విరిచింది.

"సగం నీది, సగం నాది."

నా చేతిలో పడింది బొటనవేలంత ముక్క. ఇదేం సగమే అన్నాను.

"నీ టేపుతో కొలుచుకో" అంది.

పెద్ద ముక్క తను తింది. ఆఫీసు మెట్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని, పెదాలకు పంచదార అంటుకునేలా, చివరి తునక దాకా తింది. అక్క పెద్ద సగం తినడం పుట్టి బుద్ధెరిగాక ఇవాళే చూశాను. నా ముక్కను నేను నాలుగుసార్లుగా కొరుక్కుని తిన్నాను. గుండీ ఊడలేదు.